సొరంగంలో కూర్చున్న వారాలు

మొదటి వారం. 38 కిలోమీటర్లు.

తొట్టి మూత మీద పేరుకున్న మంచు గీకడానికి పొద్దున్నే చెక్కపార పట్టుకుని వెళ్తే అసిరితల్లి మామ్మ నా చేతిలోంచి లాక్కుంది.

"నీ కాళ్ళు ఇంక నీయి కావే రత్నం. ఊరియి. ఎల్లి పరిగెట్టు," అంది.

మామ్మ నాకు చుట్టం కాదు. మాది పక్కపక్క గదులు. మా అమ్మ పోయిన దగ్గర్నుంచి ఇద్దరం ఒకే పొయ్యి మీద కాచుకుంటున్నాం. ఆ ముందు రోజు సభలో నా పేరు చెప్పగానే అందరికన్నా గట్టిగా అరిచింది ఆవిడే.

ఈ ఏడు తోడు తెచ్చేది నేను. పాలకు తోడు వేసినట్టే, మేం తినే పాచి పెరిగే తొట్టికి ఏటా కొత్త తోడు వేయాలి. చలికాలం చివర్లో ఏడుగడపలు అనే ఊరికి నడిచి వెళ్ళాలి. అక్కడి పెద్ద తొట్టిలోంచి బతికున్న తోడు సంచిలో పోయించుకుని, పొట్టకు కట్టుకుని, నూట ఇరవై కిలోమీటర్లు పరిగెత్తుతూ మా ఊరు పొగమెట్టకు తిరిగి రావాలి. ఒకటిన్నర రోజు దాటితే తోడు చచ్చిపోతుంది. అది వచ్చి కలవకపోతే మా తొట్టిలో పాచి పలచబడిపోతుంది. పోయిన ఏడు అదే అయింది. మూడేళ్ళుగా తోడు తెస్తున్న బంగారప్పకు దారిలో జ్వరం తగిలింది. ఆవిడ ఆలస్యంగా ఊరు చేరింది. సంచిలో సగమే బతికుంది. ఏడాదంతా మేం తిన్న పాచిముద్దలు ఆ సగానికి తగ్గట్టే ఉన్నాయి.

సభలో బంగారప్ప లేచి ఒక మాట అంది. "రత్నం ఎల్తాది, మంచిదే. నన్ను రెండో మనిషిగా తయారవనీండి. దాని కాలికేటైనా అయితే ఇంకొకరుండాల కదా."

నేను వెంటనే లేచాను. "పరిగెట్టే మనిషికి రోజుకి రెండు ముద్దలు ఎక్కువియ్యాల. ఇద్దరికంటే నాలుగు. మన తొట్టిలో అంత ఎక్కడుంది? నానొక్కదాన్నే సాలు."

సభంతా తలలూపింది. పిల్లదానికి ఊరంటే ఎంత ఆలోచనో అని గవరయ్య మావ మెచ్చుకున్నాడు. నిజానికి ముద్దల సంగతి నాకు పట్టలేదు. నా వెనక బంగారప్ప అడుగులు వినబడుతుంటే నేను పరిగెత్తలేను. అందుకే అలా అన్నాను.

తోడు తెచ్చే మనిషి ఇలా వారం వారం రాసి పెట్టాలి. వచ్చే ఏడు పరిగెత్తేవాళ్ళకు పనికొస్తుందని. కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తాను.

మూడో వారం. 46 కిలోమీటర్లు.

గవరయ్య మావ కళ్ళకు పొర కమ్మింది. మనిషి పోలిక తెలియదు గానీ అడుగు పోలిక తెలుస్తుంది. ఊరి గేటు దగ్గర రాయి మీద గొంగడి కప్పుకుని కూర్చుంటాడు. నేను వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ వింటాడు. ఒకప్పుడు ఆయన కూడా తోడు తెచ్చినవాడే.

"వారానికి పదో వంతు పెంచు. అంతకి మించొద్దు. ఊపిరి తొందరగానే అలవాటు పడిపోతాది, నిన్ను మోసం సేస్తాది. ఎముక్కి అలవాటవడానికి నెలలు పడతాది," అని రోజూ ఒకటే పాట.

ఇప్పుడు పొట్టకు సంచి కట్టుకుని పరిగెత్తుతున్నాను. లోపల గోరువెచ్చటి నీళ్ళు. తోడుకు మనిషి ఒంటి వేడి కావాలి. డబ్బాల్లో, యంత్రాల్లో ఎంత వెచ్చగా ఉంచినా బతకదు. ఒకసారి ఒక ఒంటికి అలవాటు పడ్డాక విప్పి ఇంకొకరికి కడితే విరిగిపోతుంది. ఘాట్ రోడ్డు కొండచరియల కింద పూడుకుపోయి పాతికేళ్ళు. గాలిలో పంపడానికి తెచ్చిన డ్రోన్ల డొప్పల్లో ఇప్పుడు కోళ్ళు పొదుగుతున్నాయి. వాటి పక్క నుంచే రోజూ నా పరుగు మొదలవుతుంది.

చలి మొదటి రెండు కిలోమీటర్లే. తర్వాత ఒళ్ళు కాగుతుంది. కనురెప్పల మీద మాత్రం మంచు పొడి అలాగే ఉంటుంది. దిగువ లోయ మీద పొగమంచు నిండుగా పరుచుకుని, మధ్య మధ్య కొండ కొనలు తేలుతుంటాయి. ఆ పొగ కింద ఎక్కడో సముద్రం ఉందంటారు. ఇక్కడి నుంచి పరిగెత్తుతుంటే లోకంలో నేనొక్కదాన్నే వెచ్చగా ఉన్నాననిపిస్తుంది.

ఆదివారం తొట్టి చుట్టూ అందరూ చేరి ముద్దలు పంచుకునేటప్పుడు ఆ వారం కిలోమీటర్లు గట్టిగా చెప్పాలి. కొలిచేవాళ్ళు ఎవరూ లేరు. పరిగెత్తే మనిషి మాటే లెక్క. నలభై ఆరు అన్నాను. చప్పట్లు కొట్టారు. బంగారప్ప కూడా కొట్టింది.

నాలుగో వారం. 67 కిలోమీటర్లు.

పదో వంతు ప్రకారమైతే యాభై దాటకూడదు. కానీ కాళ్ళు ఆగడం లేదు. రెండు పూటలా వెళ్ళాను. పైగా ఆదివారం చెప్పబోయే అంకె ముందే నోట్లో తియ్యగా ఆడుతోంది.

అరవై ఏడు అనగానే జనం హోరెత్తిపోయారు. అసిరితల్లి మామ్మ లేచి రెండు చేతులూ పైకెత్తి తిరిగింది. గవరయ్య మావ మాత్రం మొహం చిట్లించాడు. ఆ చప్పుట్లో ఆయన ఏమన్నాడో వినబడలేదని అనుకున్నాను. వినబడింది. "తప్పు" అన్నాడు.

తర్వాత కాలితో తొక్కే పంపు దగ్గర నీళ్ళు తోడుతూ బంగారప్ప మెల్లగా అంది. "ఒక్కసారే అంత పెంచీసినావేటి పిల్లా? వచ్చే వారం తగ్గించు. కాలు సల్లారనీ."

"నీకు జొరమొచ్చింది గానీ నాకు రాదులే అప్పా," అన్నాను.

ఆవిడ పంపు తొక్కడం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ నవ్వు నాకు నిజంగా బాగుంది.

ఐదో వారం. 41 కిలోమీటర్లు. చెప్పింది 70.

మంగళవారం దిగుడులో ఎడమ పాదం మీద, మధ్య వేలు మొదట్లో, సూది దించినట్టయింది. రాయి తగిలిందనుకున్నాను. బుధవారం మొదటి అడుగు నుంచే ఉంది. గురువారం మంచం దిగితేనే ఉంది. వేలితో నొక్కితే ఒకే ఒక్క చోట, చిక్కుడుగింజంత మేర, ప్రాణం పోయినంత నొప్పి. బెణికితే నొప్పి పాదమంతా పాకుతుంది. ఇది పాకలేదు. ఎముకలో పగులు ఎలా తెలుస్తుందో మొదటి వారమే గవరయ్య మావ నాకు చెప్పాడు. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీల్లేదు.

శనివారం గేటు దాటుతుంటే ఆయన తల ఎత్తాడు. "ఎడంకాలు ఎత్తి ఏస్తన్నావేటి?"

"సెప్పు తడిసింది మావా. బరువుగా ఉంది."

"ఆరబెట్టుకో," అన్నాడు. నమ్మేశాడు.

ఆదివారం నలభై ఒకటి అనడానికే లేచాను. ఎదురుగా బంగారప్ప నిలబడి ఉంది. ముందు వారం తగ్గించమన్నది ఆవిడే. తగ్గింది అంటే ఎందుకు అంటారు. ఎందుకో చెబితే అందరూ ఆవిడ వైపు తిరుగుతారు. డెబ్భై అన్నాను.

ఆరో వారం. 4 కిలోమీటర్లు. చెప్పింది 74.

ఊరికి దిగువన పాత రైలు సొరంగం ఉంది. పట్టాలు ఎప్పుడో పీక్కుపోయారు. లోపల గాలి తగలదు. సోమవారం అక్కడిదాకా కుంటుతూ వెళ్ళాను. రెండు రోజులు ఆగితే తగ్గుతుందేమో, ఇవాళ కూర్చుని, ఇంటికెళ్ళి మామ్మకు మెల్లగా చెప్పేద్దాం అనుకున్నాను. గోడకు ఆనుకుని, కాలు రాయి మీద పెట్టుకుని, పొద్దెక్కే దాకా కూర్చున్నాను.

ఇంటికెళ్ళేసరికి మామ్మ గుమ్మంలో ఉంది. చేతిలో కాచిన ముద్ద, పైన ఉప్పు. చల్లారకుండా కొంగు కప్పి పట్టుకుంది.

"ఎంతయిందే ఇయాల?"

"పద్నాలుగు," అంది నా నోరు.

"నా తల్లే," అని గడ్డం పట్టుకుంది. ముద్ద తిన్నాను. ఆకలి వేయకపోయినా పరిగెత్తినదాన్లా గబగబా తిన్నాను.

మంగళవారం నుంచి అది పనిలా అయిపోయింది. గేటు దగ్గర పరుగు, మలుపు తిరిగాక నడక, తర్వాత సొరంగం. తిరిగి వచ్చేటప్పుడు ఊట నీళ్ళు తలకు రాసుకుంటాను, చెమటలా కనబడాలని. మలుపు దగ్గర్నుంచి పళ్ళ బిగువున గేటు దాకా పరిగెత్తుతాను, గవరయ్య మావ చెవులకు అడుగులు సరిగ్గా పడాలి కాబట్టి. ఆ కాస్త దూరం కోసం ప్రతిరోజూ ఆ ఎముకను మళ్ళీ పగలగొట్టుకుంటున్నాను.

ఏడో వారం. సున్నా. చెప్పింది 80.

తొట్టి నీళ్ళు ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరుగుతున్నాయి. వాసన వస్తోంది. గురువారం సభ పెట్టి అందరి ముద్దా పావు వంతు కోశారు. నాది కోయలేదు.

"దానిది ముట్టుకోకండి. అది పరిగెడితేనే మనకి వచ్చే ఏడు తిండి," అన్నాడు గవరయ్య మావ. ఎవరూ ఎదురు చెప్పలేదు. పాలిచ్చే తల్లులు కూడా.

సొరంగంలో చలి నేల నుంచి ఎక్కుతుంది. అక్కడ కూర్చుని రోజూ ఒకటే లెక్క వేస్తున్నాను. ఇవాళ చెప్పేస్తే ఇంకొకరు తయారవడానికి ఇన్ని వారాలు ఉంటాయి అని. ప్రతిరోజూ ఆ లెక్కలోంచి ఒక రోజు తగ్గుతోంది. తగ్గిన కొద్దీ చెప్పడం కష్టమవుతోంది. నిన్ననే ఎందుకు చెప్పలేదంటారు కదా. మొదట్లో బంగారప్ప ముందు చిన్నబోతానని దాచాను. ఇప్పుడు దాచినందుకు దాస్తున్నాను.

పరిగెత్తి వారాల మీద పెంచుకున్న కిలోమీటర్లు కాళ్ళలో ఉంటాయి, ఎవరూ ఒక్క పూటలో ఇంకొకరికి ఇవ్వలేరు. ఈ సంగతి పొగమెట్టలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఇద్దరికీ అబద్ధం చెబుతున్నాను.

ఎనిమిదో వారం.

బుధవారం పొద్దున నేను తల తడుపుకుని గేటు దాటేసరికి పంపు దగ్గర గుంపు ఉంది. అసిరితల్లి మామ్మ కింద పడి ఉంది. పంపు తొక్కుతూ కళ్ళు తిరిగి, మెట్టు మీంచి జారి తుంటి మీద పడిందట.

నేనూ ఇంకొకావిడా పట్టుకుని గదికి తెచ్చాం. చెయ్యి పట్టుకుంటే కర్ర పట్టుకున్నట్టుంది. ఎప్పుడు ఇంత చిక్కిపోయిందో పక్క గదిలో ఉండి నేను చూడలేదు. తడిసిన చీర మారుస్తుంటే నడుం దగ్గర ముడి చేతికి తగిలింది. విప్పితే సగం ముద్ద. గట్టిపడిపోయి ఉంది.

"అది నీకే," అంది కళ్ళు తెరవకుండా. "ఎనభై పరిగెట్టినావు కదా. ఆ రెండూ సాలవే నీకు. నాను ముసిల్దాన్ని, నాకెందుకు."

"ఎన్నాళ్ళ నుంచి ఇలాగ తీస్తన్నావు మామ్మా?"

"తినీ ముందు."

"నాను పరిగెట్టలేదు మామ్మా. కాలిరిగింది. రెండు వారాలుగా సొరంగంలో కూకుంటన్నాను."

మామ్మ కళ్ళు తెరిచి నా మొహం చూసింది. "నిన్నా?" అంది.

"నిన్నా."

"మొన్న పదారు అన్నావు."

"అబద్ధం."

ఆవిడ తిట్టలేదు. మొహం గోడ వైపు తిప్పుకుంది. సగం ముద్ద నా చేతిలోనే ఉంది. తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

అక్కడి నుంచి కుంటుతూనే గేటు దగ్గరికి వెళ్ళాను. ఈసారి దాచలేదు. గవరయ్య మావ నా అడుగు విని, నేనింకా దూరంలో ఉండగానే లేచి నిలబడ్డాడు. చెప్పాను. ఎప్పటి నుంచి అన్నాడు. అదీ చెప్పాను.

"నాకు సెప్పీడం ఎందుకు?" అన్నాడు. "నా ముద్ద ఒక్కటే తిన్నావేటి? తొట్టి కాడికి పద. ఎవరి ముద్ద తిన్నావో ఆళ్ళందరికీ సెప్పు."

చెప్పాను. నూట నలభై ఇళ్ళ వాళ్ళు నిలబడ్డారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. చంకలో బిడ్డతో నిలబడ్డ ఒక తల్లి నా చేతుల వైపు, నా బుగ్గల వైపు చూసింది. ఊరు మొత్తంలో నిండుగా ఉన్న బుగ్గలు నావే. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బంగారప్ప ముందుకొచ్చి, నన్ను కాదు, గవరయ్య మావను అడిగింది. "ఎన్నాళ్ళుంది?"

"నడిసెళ్ళే వారం తీసేస్తే నాలుగు వారాలు."

"సాలదు."

"సాలదు," ఒప్పుకున్నాడాయన.

"అయినా ఎల్తాను," అంది.

పదో వారం. బంగారప్పవి 52 కిలోమీటర్లు.

అదనపు ముద్దలు ఇప్పుడు ఆవిడవి. నాకు అందరిలాగే ముప్పావు. మంచు గీకడం, పంపు తొక్కడం, మామ్మకు తినిపించడం నా పనులు. మామ్మ లేవలేకపోతోంది గానీ మాట్లాడుతోంది. ఏమీ జరగనట్టే మాట్లాడుతోంది. తిడితే బాగుండును.

బంగారప్ప మేజోళ్ళు ఉతికి పొయ్యి మీద ఆరబెట్టి వాళ్ళ గుమ్మంలో పెడుతున్నాను. ఆవిడ తీసుకుంటుంది, పలకరించదు. ముప్పై ఆరేళ్ళ ఒళ్ళు, ఏడాదిగా పరుగు లేని కాళ్ళు. పదో వంతు నియమం ఆవిడకు ఇప్పుడు కుదరదు. రెండు వారాల్లోనే యాభై దాటించాల్సి వచ్చింది. నేను గొప్ప కోసం చేసిన తప్పే ఆవిడ గత్యంతరం లేక చేస్తోంది.

శుక్రవారం ఆవిడ పరుగు నుంచి వచ్చి, తలుపు దగ్గర నన్ను చూసి ఆగింది. మొహం మంచుతో తెల్లగా ఉంది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఐదో వారం అప్పా. గురువారం."

"నొక్కి సూసుకున్నావా?"

"సూసుకున్నాను."

"అంటే తెలిసింది." మొహం మీద మంచు తుడుచుకుంది. "ఆ రోజే సెప్పుంటే నాకు ఏడు వారాలుండీవి. ఏడైతే నాను నవ్వుకుంటా ఎల్లొచ్చీదాన్ని."

ఆరిన మేజోళ్ళు ఆవిడ ముందుకు చాపాను. ఆవిడ తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

పన్నెండో వారం.

బంగారప్ప ఉప్పు మూటలవాళ్ళతో కలిసి ఏడుగడపలకు బయల్దేరింది. చివరి వారం 76 దాకా పెంచింది. నూట ఇరవై కిలోమీటర్లు ఒక్క బిగిన పరిగెత్తాలంటే అంతకు ముందు చాలా వారాలు తొంభై దగ్గర నిలబడి ఉండాలి. గేటు దగ్గర గవరయ్య మావ ఆవిడ తల మీద చెయ్యి పెట్టి పంపాడు.

నా పాదంలో ఆ చిక్కుడుగింజంత చోటు నొక్కితే ఇప్పుడు మందంగా ఉంది. నొప్పి దాదాపు లేదు. ఐదో వారంలోనే చెప్పి, బుద్ధిగా ఇంట్లో కూర్చుని ఉంటే ఎప్పుడో అతుక్కునేది. ఇద్దరం తయారుగా ఉండేవాళ్ళం.

పరుగు వారం.

బంగారప్ప శుక్రవారం పొద్దుపొడుపుకు తోడు కట్టుకుంటుంది. శనివారం సాయంత్రం లోగా ఊరు చేరాలి. శనివారం పొద్దున నేను పొడి మేజోళ్ళు, నిప్పు కుండ, వేడినీళ్ళు తీసుకుని కాకికనుమకు వెళ్ళాను. ఊరికి ఎనిమిది కిలోమీటర్లు. దారిలో అదే ఆఖరి ఎక్కుడు.

మధ్యాహ్నానికి రావాలి. రాలేదు. పొగమంచు ముఖానికి అడ్డంగా గుడ్డ కట్టినట్టుంది. చాలాసేపటికి అడుగుల చప్పుడు వినబడింది. పరుగు కాదు, నడకా కాదు. ఒక కాలు పడుతోంది, రెండోది ఈడ్చుకొస్తోంది.

బంగారప్ప పొగలోంచి వచ్చి నన్ను చూసి, ఎవరో పోల్చుకోలేనట్టు నిలబడింది. రెండు చేతులూ పొట్ట మీద సంచిని పట్టుకుని ఉన్నాయి. అర్ధరాత్రి వాగు దాటుతుంటే మంచు విరిగి మోకాళ్ళ దాకా దిగిపోయిందట. ఆగి ఆరబెట్టుకుంటే తోడు చస్తుందని తడి మేజోళ్ళతోనే వచ్చేసింది. అవి కాళ్ళకు చెక్కలా బిగుసుకుపోయి ఉన్నాయి. కోసి తీశాను. ఎడమ పాదం వేళ్ళు కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. చివర్లు నల్లబడ్డాయి.

"తెలవడం నేదు," అంది. "కాలు ఎక్కడ పడతందో తెలవడం నేదు. రెండుసార్లు పడిపోనాను. సంచి మీద పడలేదు."

సంచి మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. నాకు కట్టుకుని పరిగెడదామంటే విరిగిపోతుంది.

నేను వెనక్కి తిరిగి వంగాను. "ఎక్కప్పా."

ఎక్కలేదు. తిరిగి చూశాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. చలికి అనుకున్నాను, కాదు.

"నీ ఈపు ఎక్కీకంటే ఇక్కడే సచ్చిపోడం నయం," అంది. తర్వాత ముక్కు తుడుచుకుంది. "ఊరి కోసం ఎక్కుతన్నాను. నీ కోసం కాదు. అది తెలుసుకుని మొయ్యి."

"తెలుసు."

ఆవిడ బరువేమీ లేదు. సంచి మా ఇద్దరి మధ్యా, ఆవిడ పొట్టకూ నా వీపుకూ మధ్య వెచ్చగా ఆనింది. నేను వంగి ఉండటంతో నా కాళ్ళ ముందున్న అడుగు తప్ప ఏమీ కనబడలేదు. దారి ఆవిడే చెప్పింది. "ఎడం పక్క రాయి. మెల్లిగ. ఇప్పుడు పరిగెట్టు. పరిగెట్టీ." దిగుడు సగంలో నా పాదంలో మళ్ళీ సూది దిగింది. ఆవిడకు చెప్పలేదు. ఈ ఒక్కటీ దాచినందుకు మాత్రం నాకు సిగ్గు లేదు.

వెలుతురు ఉండగానే గేటు చేరాం. నాలుగు చేతులు వచ్చి బంగారప్పను దింపి, అలాగే తొట్టి దగ్గరికి ఎత్తుకుపోయాయి. సంచి ఆవిడే విప్పింది. తోడు తొట్టిలో పడి, ఆకుపచ్చగా, మెల్లగా విచ్చుకుంది. ఎవరో గట్టిగా ఏడ్చారు. తర్వాత అందరూ.

రెండు వారాల తర్వాత.

తొట్టి నిండుగా ఉంది. ముద్ద మళ్ళీ పూర్తి ముద్ద అయింది.

బంగారప్పకు ఎడమ కాలి మూడు వేళ్ళు తీసేశారు. ఇంక పరిగెత్తదు.

ఊళ్ళో మాత్రం ఇంకో కథ తిరుగుతోంది. మేం గేటు చేరిన ఆ సాయంత్రమే ఆడవాళ్ళు నా కాళ్ళు వేడినీళ్ళతో కడిగారు. వద్దన్నాను గానీ గట్టిగా అనలేదు. ఒళ్ళు అంతగా అలిసిపోయి ఉంది, ఆ నీళ్ళు అంత వెచ్చగా ఉన్నాయి. ఇరిగిన కాలుతో మోసుకొచ్చిందట అని ఒకరు, తన తప్పు తానే దిద్దుకుందని ఇంకొకరు. రోటి దగ్గర పాట కూడా కట్టారు. అసిరితల్లి మామ్మ మంచం మీద నుంచే వచ్చిన వాళ్ళందరికీ చెబుతోంది, "మా రత్నం కనుమ కాడి నుంచి ఈపు మీద ఏసుకుని లగెత్తుకొచ్చింది" అని. నన్ను క్షమించడానికి అందరికీ ఏదో ఒక కథ కావాల్సి వచ్చింది. దొరికింది. గవరయ్య మావ కూడా, "సెల్లిపోయిందిలే పిల్లా," అన్నాడు.

బంగారప్పకు రోజూ వేడినీళ్ళు పట్టుకెళ్తున్నాను. కుండ తీసుకుంటుంది, నన్ను గుమ్మంలోనే ఆపేస్తుంది. కట్టు వాళ్ళ అన్న మారుస్తాడు. మొన్న మాత్రం నోరు విప్పింది.

"ఊరంతా నీ పాటే పాడతన్నారంట."

"నాను పాడమనలేదు అప్పా."

"తెలుసు," అంది. "వొద్దని కూడా అన్లేదు కదా."

కుండ అక్కడ పెట్టి వచ్చేశాను. దారంతా ఆ మాటే. ఎనిమిదో వారంలో అన్నీ చెప్పేసి బయటపడ్డాననుకున్నాను. రెండు వారాలుగా మళ్ళీ అదే పని చేస్తున్నాను. ఈసారి సొరంగం కూడా అక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు.

ఆదివారం తొట్టి దగ్గర ముద్దలు పంచుతుంటే లేచి నిలబడ్డాను. కిలోమీటర్లు చెప్పే రోజులు అయిపోయాయి కదా అని కొందరు నవ్వారు.

"నూట పన్నెండు బంగారప్ప పరిగెట్టింది," అన్నాను. "ఎనిమిది నానూ. నాను ఐదో వారంలో నిజం సెప్పుంటే ఆ ఎనిమిది కూడా ఆవిడే పరిగెట్టీది, కాలి మూడు వేళ్ళూ ఉండీవి. మొదటి సభలో రెండో మనిషి వొద్దన్నది ముద్దల కోసం కాదు. ఆవిడ నా ఎనక ఉండడం నాకిష్టం నేక. ఆ పాట ఇంక పాడకండి."

"ఇప్పుడెందుకే అయన్నీ?" అంది ఎవరో, నొచ్చుకున్నట్టు. మంచి కథ పాడుచేశానన్నట్టు చూశారు. ఇద్దరు ముగ్గురు తల దించుకుని తమ ముద్ద తినడం మొదలుపెట్టారు. రోటి దగ్గర పాట కట్టిన ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. నా ముద్ద నేను తీసుకుని తిన్నాను.

ఇవాళ పొద్దున వేడినీళ్ళతో వెళ్తే బంగారప్ప గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వాళ్ళ అన్న లేడు. గుమ్మంలో ఆగాను. ఆవిడ నా వైపు చూడకుండానే ఎడమ కాలు ముందుకు చాపింది.

లోపలికి వెళ్ళి కింద కూర్చుని కట్టు విప్పాను. వేళ్ళు ఉండాల్సిన చోట చర్మం ఎర్రగా, పలచగా, మెరుస్తూ ఉంది. గుడ్డ వేడినీళ్ళలో ముంచి పిండి, మెల్లగా అద్దాను. ఆవిడ పళ్ళు బిగబట్టింది. చూడలేక కళ్ళు తిప్పుకోబోయి, మళ్ళీ అక్కడే నిలిపి, పని పూర్తయ్యే దాకా చూస్తూనే ఉన్నాను.